ఊళ్లో పిలుపులు: వాట్సాప్‌లో శుభలేఖ పంపితే ఎవరూ రాలేదు, ఈసారి ఎలా పిలవాలి?

ప్రశ్న – కాలువగట్టు

మాది దుగ్గిరాల. పదిహేనేళ్లు హైదరాబాదులో ఉండి, నాన్నగారు పోయిన తరువాత అమ్మ ఒంటరిగా ఉండలేదని రెండేళ్ల క్రితం కుటుంబంతో సహా సొంత ఊరికి వచ్చేశాము. నేను రోజూ ఉదయం రైల్లో విజయవాడ వెళ్లి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరతాను కాబట్టి, ఊళ్లో నాకు బాగా తెలిసిన ముఖాలన్నీ ప్లాట్‌ఫారం మీద కనిపించేవే.

మొన్న ఫాల్గుణంలో మా అమ్మాయికి ఓణీల వేడుక చేశాము. బంధువులకు మాత్రం కార్డులు ఇచ్చి, ఊళ్లోవాళ్లకు వీడియో శుభలేఖ చేయించి వాట్సాప్‌లో పంపాను. నాలుగు వందల మందికి వంట చేయిస్తే తిన్నవారు నూట యాభైకి మించలేదు. సాయంత్రం మిగిలిన పులిహోరను, గుత్తివంకాయ కూరను గంగాళాలతో ఆటోలోకి ఎక్కించి ఒక హాస్టలుకు పంపాము. అన్నిటికంటే బాధ కలిగించినది ఎదురింటి పెద్దమ్మ రాకపోవడం. సంక్రాంతికి అరిసెలు వండితే మొదటి వాయి మా ఇంటికి పంపే మనిషి, ఆ రోజంతా తన అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ మా షామియానా వైపు చూశారే తప్ప వీధి దాటి రాలేదు. అమ్మను అడిగితే “పిలవని పేరంటానికి ఎవరు వస్తారురా” అన్నది. పిలిచానని ఫోను చూపించాను. అమ్మ కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

శ్రావణంలో మా తమ్ముడి పెళ్లి. పెళ్లి ఆడపిల్లవారి ఊరు పొన్నూరులో, విందు మా ఇంటి దగ్గర. ఎవరితో మొదలుపెట్టాలి, ఎలా పిలవాలి, ఫాల్గుణంలో జరిగినదానికి ముందుగా క్షమాపణ చెప్పుకోవాలా, ‘చదివింపులు స్వీకరింపబడవు’ అని కార్డు మీద వేయించవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం – తెనాలి మాస్టారు

నాయనా, మీ తప్పు వాట్సాప్ వాడడం కాదు. ఈ రోజుల్లో మేమూ పంపుతున్నాము. కానీ మన వైపు ఆ సందేశం కబురు మాత్రమే, పిలుపు కాదు. కబురు తెలిసిన మనిషి పిలుపు కోసం ఎదురుచూస్తాడు. ఆ పిలుపు రాకపోతే, తనకు తెలిసి కూడా పిలవలేదన్న మాట మనసులో పడుతుంది. మీ ఎదురింటి పెద్దమ్మగారు ఆ రోజంతా అరుగు మీద కూర్చున్నది అలిగి కాకపోవచ్చు, ఆఖరి నిమిషంలోనైనా ఎవరో ఒకరు కుంకుమ భరిణె పట్టుకుని వస్తారని కావచ్చు.

మొదటి శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టండి. మా ఇంట్లో మంగళగిరి కొండ ఎక్కి పానకాల స్వామి దగ్గర పెట్టి వచ్చే అలవాటు ఉన్నది. సమర్పించిన పానకంలో సగం స్వామికి పోసి సగం మనకు తిరిగి ఇస్తారు, ఆ బిందె ఇంటికి వచ్చిన తరువాతనే మిగిలిన కార్డుల కట్ట విప్పుతాము. తరువాత మీ ఇంటిపేరు వారిలో వయసులో పెద్ద, ఆ తరువాత మీ వీధి, ఆపైన ఊరు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వెళ్లాలి. బండి ఆపకుండా గేటు దగ్గర కార్డు అందించి వెళ్లడం కంటే వెళ్లకపోవడమే మేలు. లోపలికి వెళ్లి కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఆడవారికి బొట్టు పెట్టి, “ఇంటిల్లిపాదీ రావాలి” అని నోటితో అనండి. ‘ఇంటిల్లిపాదీ’ అన్న మాట మరిచిపోతే ఆ ఇంటి నుండి ఒక్కరే వస్తారు. ఇంటికొక మనిషి పిలుపు వేరు, అందరి పిలుపు వేరు అన్న లెక్క ఇంకా పోలేదు. విందుకు ముందు రోజు దగ్గరవారి ఇళ్లకు మరొకసారి వెళ్లి గుర్తుచేయండి.

క్షమాపణ ప్రత్యేకంగా అక్కరలేదు. ఇంటికి వెళ్లడమే క్షమాపణ.

ఇంకొక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ రెండేళ్లలో ఊళ్లో జరిగిన చావులకు మీరు ఎన్నిటికి వెళ్లారు? పెళ్లికి పిలుపు కావాలి, చావుకు పిలుపు అక్కరలేదు. పిలవకుండా వెళ్లవలసిన చోటికి వెళ్లని మనిషి ఫోనులో పిలిస్తే ఎవరు కదులుతారు?

సమాధానం – గుంటూరు కోడలు

మాస్టారు గారు చెప్పిన పద్ధతి అంతా నిజమే, మా అత్తవారి ఊరు కొల్లిపరలోనూ అలాగే పిలుస్తారు. కానీ ఆ కుంకుమ భరిణె గురించి నాకు ఒక అభ్యంతరం ఉన్నది. మా మామయ్యగారు పోయిన తరువాత పిలుపులకు వచ్చినవారు నాకు బొట్టు పెట్టి, పక్కనే నిలబడి ఉన్న మా అత్తయ్యగారి వైపు చూడకుండా, గోడకు చెప్పినట్లు “మీరూ రండి” అని వెళ్లిపోయేవారు. మూడుసార్లు చూశారు, నాలుగోసారి నుండి గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే ఆవిడ పెరట్లోకి వెళ్లి బావి దగ్గర ఏదో ఒక పని పెట్టుకునేవారు. ఇప్పుడు నేను పిలుపులకు వెళ్తే ముందు అలాంటి పెద్దవారి దగ్గర కూర్చుని, కార్డు వారి చేతికే ఇచ్చి, ఆ తరువాతనే కోడళ్లకు బొట్టు పెడుతున్నాను.

అన్నగారూ, మీ అమ్మగారికి ఈ సంగతులన్నీ తెలిసి కూడా ఓణీల వేడుకకు ముందే మీకు ఎందుకు చెప్పలేదో ఆలోచించారా? భర్త పోయిన మనిషి శుభకార్యంలో నోరెత్తకూడదని తనకు తానే తప్పుకుని ఉంటారు. ఈసారి కార్డులు అచ్చుకు ఇవ్వకముందే ఆమెను కూర్చోబెట్టి జాబితా రాయించండి. ఏ ఇంట్లో ఎవరు పెద్దో, ఎవరితో ఎవరికి మాటలు లేవో ఆమెకు తెలిసినట్లు మీకు తెలియదు.

సమాధానం – పసుపుకొమ్ము

నేను కౌలుకు పసుపు, కంద పండిస్తాను. ఫాల్గుణంలో మా ఇళ్లలో మనుషులు ఉండరు. పసుపు తవ్వి ఉడకబెట్టి కల్లంలో పోస్తే ఎండడానికి పది, పదిహేను రోజులు పడుతుంది, రాత్రిళ్లు కూడా కాపలా పడుకోవాలి, ఆ తరువాత మెరుగు పట్టించి యార్డుకు తోలాలి. మీ విందుకు రానివారిలో సగం మంది కోపంతో కాక కల్లం విడిచి రాలేక ఆగిపోయి ఉంటారు. శ్రావణంలో కాలువ నీళ్లు వచ్చి నాట్లు పడుతుంటాయి. పిలుపులకు పగలు వెళ్లి తాళాలు చూసి తిరిగి రావద్దు, దీపాలు పెట్టే వేళకు వెళ్లండి.

చదివింపులు వద్దని వేయించండి. నా వంటివాడికి ఒక్క వైశాఖంలో ఆరు పెళ్లిళ్లు వస్తే, మడి కౌలు సంగతి పక్కన పెట్టి చదివింపులకు అప్పు చేయవలసి వస్తున్నది.

సమాధానం – తెనాలి మాస్టారు

పసుపుకొమ్ము గారి ఇబ్బంది నేను కాదనను, కానీ ఆ వాక్యం వేయించవద్దనే నా సలహా. చదివింపుల పుస్తకం దానం పుస్తకం కాదు. మీ నాన్నగారు ఒకరి ఇంట్లో నూటపదహార్లు చదివించి ఉంటే, అది తిరిగి ఇచ్చుకునే అవకాశం కోసం ఆ ఇంటివారు కాచుకుని ఉంటారు. వద్దంటే వారిని బాకీదారులుగానే ఉంచేసినట్లు అవుతుంది. నాన్నగారి పుస్తకం ఇంట్లో ఎక్కడో ఉంటుంది, వెతకండి. లేనివారి దగ్గర ఎంత పుచ్చుకోవాలో పుస్తకం దగ్గర కూర్చునే మనిషికి చెప్పి ఉంచవచ్చు. పదకొండు రూపాయలు ఇచ్చినా పేరు, ఊరు పూర్తిగా రాయమనండి.

కాలువగట్టు

అందరికీ కృతజ్ఞతలు. వారం తరువాత రాస్తున్నాను.

మాస్టారు గారు అడిగిన ప్రశ్నకు జవాబు: ఒక్కదానికి కూడా వెళ్లలేదు. ఆఫీసు ఉన్నదని ఆదివారం పరామర్శకు వెళ్దామనుకునేవాడిని, ఆదివారం వచ్చేసరికి మరిచిపోయేవాడిని.

పుస్తకం అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. ఎర్ర అట్ట, పొడుగాటి లెక్కల పుస్తకం. మొదటి సగంలో మా పెళ్లిళ్లకు వచ్చినవి, వెనుక నుండి తిరగేస్తే నాన్నగారు ఇతరుల ఇళ్లలో చదివించినవి. కొన్ని పేర్ల పక్కన డబ్బుకు బదులు ‘ముంత’, ‘పంచెల చాపు’, ‘బస్తా బియ్యం’ అని ఉన్నాయి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని, ఆ పేర్లను బట్టి నూట డెబ్బై ఇళ్ల జాబితా రాయించింది. కార్డు మీద చదివింపుల మాట వేయించలేదు. పుస్తకం దగ్గర మా బాబాయి కూర్చుంటాడు, పసుపుకొమ్ము గారు చెప్పినది ఆయనకు వివరంగా చెప్పాను.

నిన్న సాయంత్రం అమ్మను కూడా వెంటబెట్టుకుని ముందుగా ఎదురింటికి వెళ్లాము. పెద్దమ్మ మంచినీళ్లు ఇచ్చి, మేము తాగేదాకా ఆగి, ఆ తరువాత నన్ను దులిపేశారు. “మీ నాన్న పోయిన రోజు నన్ను ఎవరు పిలిచారురా? మీ ఇంట్లో పొయ్యి వెలగకూడదని మా పొయ్యి మీద మూడు పూటలా మీ అందరికీ వండలేదా? పిల్లకు ఓణీ ఇస్తూ ఆ ఫోను నా ముఖాన పెడతావా?” నేను ఏమీ అనలేదు. నా భార్య బొట్టు పెట్టింది. పెద్దమ్మ అదే భరిణెను అమ్మ ముందుకు జరిపి, “విందు రోజు కూరగాయలు తరగడానికి ఎందరిని తీసుకురమ్మంటావు?” అని అడిగారు. అమ్మ ఆరుగురు చాలన్నది. వంటవాళ్లే తరుగుతారని నేను అనబోయి మానుకున్నాను.

మాస్టారూ, ఒక్క సందేహం మిగిలింది. రైల్లో రోజూ కలిసే తెనాలి, విజయవాడ మిత్రులు ముప్పై మంది ఉన్నారు. వారిని ప్లాట్‌ఫారం మీద పిలిస్తే సరిపోతుందా, ఇళ్లకు వెళ్లాలా?