తెలివి ఎక్కువున్నవాళ్లు జనాన్ని ఎక్కువ నమ్ముతారా?

నిద్రపట్టనిమనిషి:
గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు కదా, అంటే నమ్మేవాడు అమాయకుడు, తెలివైనవాడు ఎవర్నీ ఓ పట్టాన నమ్మడు అనే నేనూ అనుకునేవాణ్ణి. ఈ మధ్య ఎకనామిక్స్ పరిశోధనలు తిరగేస్తుంటే అంతా రివర్స్‌లో కనిపిస్తోంది. "మొత్తమ్మీద మనుషుల్లో చాలామందిని నమ్మొచ్చంటారా, లేక ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువేనంటారా" అని సర్వేల్లో ఏళ్లుగా అడిగే ప్రశ్న ఒకటుంది, దానికి తెలివితేటల టెస్టుల్లో స్కోరు ఎక్కువొచ్చినవాళ్లే "నమ్మొచ్చు" అని ఎక్కువగా చెబుతున్నారట. నాకేమో ఇది తెలివి సంగతి కాదు, జేబు సంగతి అనిపిస్తోంది. డబ్బూ చదువూ ఉన్నవాడు ఒకసారి మోసపోయినా తట్టుకుంటాడు, లేనివాడు ఆ ఒక్క దెబ్బకే కూలిపోతాడు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్తారా?

లెక్కలపురుగు:
మీ అనుమానం పరిశోధకులకీ వచ్చిందండి. 2014లో నోవా కార్ల్, ఫ్రాన్సెస్కో బిల్లారి అమెరికా జనరల్ సోషల్ సర్వే డేటాతో ఇదే చూశారు. అందులో తెలివికి ఒక కొలత ఏంటంటే పది మాటల బుల్లి టెస్టు: ఒక మాట ఇస్తారు, దానికి దగ్గర అర్థం ఉన్నది కిందున్న ఐదింట్లోంచి ఎంచాలి. అంతే. ఆదాయం, చదువు లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం పోలేదు. 2010లో స్టర్జిస్ బృందం చేసింది నా దృష్టిలో ఇంకా గట్టిది, బ్రిటన్‌లో 1958లో, 1970లో పుట్టినవాళ్లకి చిన్నప్పుడు, పదీ పదకొండేళ్ల వయసులో పెట్టిన పరీక్షల స్కోర్లు తీసి, పెద్దయ్యాక వాళ్లే ఇచ్చిన జవాబులతో పోల్చారు. పదేళ్ల పిల్లాడికి జీతం ఉండదు కదా. అమ్మానాన్నల డబ్బు ప్రభావాన్ని మాత్రం పూర్తిగా విడదీయడం ఎవరివల్లా కాదు.

అడ్డంతిరిగేవాడు:
అసలు ఆ సర్వే ప్రశ్న మీదే నాకు నమ్మకం లేదు :) నోటితో "నమ్ముతా" అనడం వేరు, డబ్బు చేతిలో పెట్టడం వేరు. 1995లో బెర్గ్, డిక్‌హాట్, మెక్‌కేబ్ ఒక ఆట ఆడించారు. మీకు 10 డాలర్లిస్తారు, మొహం కూడా తెలియని ఇంకొకరికి అందులో ఎంతైనా పంపొచ్చు, పంపింది మూడింతలై అవతలికి చేరుతుంది, అక్కణ్ణుంచి తిరిగివ్వడమా, మింగేయడమా అన్నది వాళ్లిష్టం. స్వార్థం లెక్క ప్రకారం పైసా పంపకూడదు, కానీ 32 మందిలో 30 మంది ఎంతోకొంత పంపారు. తర్వాత 2000లో గ్లేజర్ బృందం హార్వర్డ్ విద్యార్థులతో ఇలాంటి ఆటే ఆడించి సర్వే జవాబులతో సరిపోల్చితే, "నమ్మొచ్చు" అన్నవాళ్లు ఎక్కువేమీ పంపలేదు, అందుకున్నప్పుడు మాత్రం ఎక్కువ తిరిగిచ్చారు. అంటే ఆ ప్రశ్న మన నమ్మకాన్ని కాదు, మనం ఎంత నమ్మదగినవాళ్లమో కొలుస్తోందేమో!

నిద్రపట్టనిమనిషి:
ఇది ఊహించలేదు. అయితే ఆటల్లో తెలివి ప్రభావం కనిపించలేదా?

లెక్కలపురుగు:
కనిపించింది, కానీ ఒకే జంట పదేపదే ఆడినప్పుడు. ప్రోటో, రుస్టికీని, సోఫియానోస్ (2019) పజిల్ టెస్టు స్కోరుని బట్టి మనుషుల్ని రెండు గుంపులు చేసి ఖైదీల డైలమా అనే ఆట (ఇద్దరూ సహకరించుకుంటే ఇద్దరికీ లాభం, కానీ అవతలివాణ్ణి ముంచితే ఆ పూటకి తనకి ఇంకా ఎక్కువొస్తుంది) ఆడించారు. మొదట్లో రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా సహకరించుకున్నాయి. ఆడేకొద్దీ ఎక్కువ స్కోరు గుంపులో సహకారం దాదాపు పూర్తి స్థాయికి వెళ్లింది, రెండోదాంట్లో పడిపోయింది. ఎక్కువ స్కోరువాళ్లు మంచివాళ్లని దీనికి అర్థం కాదు. ఆట త్వరగా ముగిసేలా ఉండి సహకారం వల్ల లాభం లేదనిపిస్తే ఆ తేడా కూడా మాయం. ఇవాళ కొంచెం వదులుకుంటే రేపు ఎంతొస్తుందో లెక్క కట్టి, ఆ ప్లాన్‌ని తడబడకుండా పాటించగలగడమే వాళ్ల తేడా.

మధ్యేమార్గం:
ఇంకో ముక్క. ఎంత నమ్మితే అంత లాభం అనుకోవద్దు. బట్లర్, జూలియానో, గ్వీజో యూరప్ డేటాలో 0 నుంచి 10 స్కేలు మీద నమ్మకాన్నీ ఆదాయాన్నీ కలిపి చూస్తే గీత పైకెళ్లి చివర్లో కిందికి వంగింది. బొత్తిగా నమ్మనివాడు మంచి బేరాలు వదిలేసుకుంటాడు, మరీ నమ్మినవాడు మోసపోతాడు. మొదటి రకం నష్టం ఎవరి కంటా పడదు, రాని డబ్బుకి రసీదు ఉండదు కాబట్టి. అందుకే మోసపోయినవాణ్ణే వెర్రివాడంటాం. జపాన్ పరిశోధకుడు యామాగిషి మాట కూడా చూడండి: నమ్మకం ఎక్కువున్నవాళ్లు అవతలివాడి మీద అనుమానం కలిగించే సమాచారం కనబడితే తక్కువ నమ్మేవాళ్లకంటే ఎక్కువగా దాన్ని పట్టించుకుంటారట. పదిమందితో కలిసి తిరిగితేనే కదా మనుషుల్ని చదవడం వస్తుంది, ఎవర్నీ దగ్గరికి రానివ్వనివాడికి ఆ ప్రాక్టీసెక్కడిది? పైగా జేబు సంగతన్నారు చూడండి, అదీ ఇక్కడే కలుస్తుంది: మొదటి దెబ్బ తట్టుకోగలిగినవాడికే రెండోసారి ప్రయత్నించే ఛాన్సుంటుంది.