బావ లెక్క 27, నా కడుపుమంట 1994

కాలేజ్‌స్టేషన్_పాతకాపు:
దసరా భోజనాలకి డాలస్‌లో బావ వాళ్లింటికి వెళ్లాను. ఆయన చదివింది ఆస్టిన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్. నాది టెక్సస్ ఏ అండ్ ఎం. పులిహోర వడ్డిస్తూనే కాలేజ్ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మొదలుపెట్టాడు. "సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో మాకు 27 టైటిళ్లు, మీకు 17. బిగ్ 12లో మాకు 4, మీకు 1. ఇంక దేని గురించి మాట్లాడదాంరా?"

(కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడి చాంపియన్‌ని తేల్చుకునే కాలేజీల గుంపు. మేం ముందు ఉన్నది సౌత్‌వెస్ట్‌లో, తర్వాత బిగ్ 12లో.) అంకెలు తప్పని నేననను. కానీ ఆ 27లో 1994 కూడా ఉంది. ఆ ఏడు మా జట్టు 10 గెలిచింది, ఒకటి టై, ఓటమి అన్నదే లేదు. కాలేజ్ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ వేసిన శిక్షలో ఉన్నాం కాబట్టి టైటిల్‌కి అర్హత లేదన్నారు. సరే, తప్పు మాదే. మా వెనక ఉన్న బేలర్, రైస్, టీసీయూ, టెక్సస్, టెక్సస్ టెక్ కాన్ఫరెన్స్‌లో తలా 4 గెలిచి 3 ఓడాయి. ఐదూ కలిసి టైటిల్ పంచుకున్నాయి. ఎనిమిది జట్లున్న కాన్ఫరెన్స్‌లో ఐదుగురు చాంపియన్లు! బావ మాత్రం దాన్ని నిండుగా ఒకటి అని వేసుకుంటాడు.

నేను ఎమ్మెస్‌కి వచ్చింది 2010లో. మేం చివరిసారి కాన్ఫరెన్స్ గెలిచింది 1998లో, కాన్సాస్ స్టేట్ మీద రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 36-33. అప్పుడు నేను ఐదో క్లాసు, ఇక్కడ ఇలాంటి ఆట ఒకటుందని కూడా తెలీదు. మీమీ స్కూళ్లలో ఈ లెక్క ఎలా వేస్తారు? ఒంటరిగా గెలిచిందీ, పంచుకున్నదీ ఒకటేనా?

ఆస్టిన్_గోంగూర:
పుస్తకంలో ఎక్కింది టైటిలే గురూ. ఎవరు శిక్షలో ఉన్నారో చూసి మేం తగ్గించుకోవాలా?

1994 వదిలెయ్యండి, 1996 చూడండి. బిగ్ 12 మొదటి ఏడు, సెయింట్ లూయిస్‌లో మొదటి టైటిల్ మ్యాచ్. ఎదురుగా నెబ్రాస్కా, అంతకుముందు రెండేళ్లూ జాతీయ చాంపియన్లు. మాకు అప్పటికి నాలుగు ఓటములు. 30-27 ఆధిక్యంలో, మా సొంత సగంలోనే నాలుగో డౌన్ (10 గజాలు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది, తప్పితే బంతి అవతలివాళ్లకి), కావలసింది కొన్ని అంగుళాలు. ఎవరైనా బంతిని తన్నేసి ఊపిరి పీల్చుకుంటారు. మా కోచ్ మాకోవిక్ ఆడమన్నాడు. జేమ్స్ బ్రౌన్ ఎడమవైపు పరిగెత్తినట్టు నటించి డెరెక్ లూయిస్‌కి పాస్ వేశాడు. 61 గజాలు! 37-27తో గెలిచాం. నాలాంటివాడికి ఆ ఒక్కటి పది టైటిళ్ల పెట్టు.

లబ్బాక్_దుమ్ము:
1994 గురించి ఇద్దరూ అలా మాట్లాడుకుంటున్నారు గానీ, ఆ ఐదుగురిలో సీజన్ చివర జరిగే ప్రత్యేక మ్యాచ్ కాటన్ బౌల్‌కి వెళ్లింది మేం, టెక్సస్ టెక్. వెళ్లి యూఎస్‌సీ చేతిలో 55-14తో తిన్నాం, అది వేరే సంగతి.

నా బాధ 2008. అప్పుడు నేను టెక్సస్ టెక్‌లో చదువుతున్నాను. నవంబర్ 1 రాత్రి, దేశంలో నంబర్ వన్‌గా ఉన్న టెక్సస్ మా ఊరొచ్చింది. 33-32తో వాళ్లదే పైచేయి, చివరి క్షణాలు. గ్రాహం హారెల్ పాస్, మైకేల్ క్రాబ్‌ట్రీ పక్క గీత దగ్గర పట్టి లోపలికి దూసుకుపోయాడు. గడియారంలో మిగిలింది ఒక్క సెకను. నా పక్కన హన్మకొండ రూమ్మేట్, ఆ ఆట నియమాలు ఒక్కటీ తెలియనివాడు, ఏడ్చేశాడు.

మూడు వారాల తర్వాత ఓక్లహోమా మమ్మల్ని 65-21తో చితక్కొట్టింది. అంతకుముందే టెక్సస్ ఓక్లహోమాని 45-35తో గెలిచింది. చివరికి మేం, టెక్సస్, ఓక్లహోమా ముగ్గురం 7-1 (ఏడు గెలుపులు, ఒక ఓటమి). ఒకళ్ల మీద ఒకళ్లం గెలిచాం, ఎవరు ముందు? టైబ్రేకర్‌లో అప్పటి జాతీయ ర్యాంకుల పట్టిక బీసీఎస్‌లో ఎవరెక్కడున్నారో చూశారు. అందులో కొంత ఓట్లు, కొంత కంప్యూటర్లు. ఓక్లహోమా టైటిల్ మ్యాచ్‌కి వెళ్లి మిసోరీని 62-21తో గెలిచి టైటిల్ ఎత్తుకుంది. మైదానంలో తేలనిదాన్ని ర్యాంకుల పట్టికతో తేల్చారు. ఇప్పటికీ 45-35 అంటే ఆస్టిన్ వాళ్లకి కోపం వస్తుంది, 39-33 అంటే మాకు కన్నీళ్లొస్తాయి.

ఆస్టిన్_గోంగూర:
45-35 అనకండి, ప్లీజ్.

నార్మన్_బుల్లోడు:
ఓక్లహోమావాణ్ణి, నన్నూ లాగారు కాబట్టి ఒక్క ముక్క. బిగ్ 12లో మేం ఆడింది 28 సీజన్లు, గెలిచింది 14 టైటిళ్లు. సగానికి సగం. 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరు. మిగతా కబుర్లు మీరు చెప్పుకోండి.

బర్మింగ్‌హామ్_డాక్టర్:
కుర్రాళ్లందరూ టెక్సస్ చుట్టే తిరుగుతున్నారు. అసలు పెద్ద కాలేజీల కాన్ఫరెన్స్‌లలో టైటిల్ మ్యాచ్ అనేది పుట్టింది మా బర్మింగ్‌హామ్‌లో. రెసిడెన్సీకి ఇక్కడికొచ్చిన కొత్తలో నాకు సీనియర్లు మొదట చెప్పిన పాఠం ఇదే, రోగుల సంగతి తర్వాత.

12 జట్లుండి రెండు డివిజన్లుగా ఆడితే కాన్ఫరెన్స్ ఒక అదనపు మ్యాచ్ పెట్టుకోవచ్చని చిన్న కాలేజీల కోసం రాసిన నిబంధన ఒకటుండేది. దక్షిణాది కాలేజీల కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీకి అప్పటి కమిషనర్ రాయ్ క్రేమర్ దాన్ని పట్టుకున్నాడు. ఆర్కన్సా, సౌత్ కారొలైనా వచ్చి చేరాయి, లెక్క 12 అయింది. 1992 డిసెంబర్‌లో మా లీజియన్ ఫీల్డ్ స్టేడియంలో అలబామా, ఫ్లోరిడా. అలబామా అప్పటికి ఒక్కటీ ఓడలేదు. ఈ అదనపు మ్యాచ్ ఓడితే జాతీయ టైటిల్ గోవిందా అని అందరూ క్రేమర్‌ని తిట్టుకున్నారు. 21-21 దగ్గర ఆంటోనియో లాంగమ్ అవతలివాళ్ల పాస్ మధ్యలో పట్టేసి టచ్‌డౌన్ దాకా పరిగెత్తాడు. 28-21. తర్వాత షుగర్ బౌల్‌లో మయామీని కూడా గెలిచి జాతీయ చాంపియన్లు అయ్యారు, తిట్టినవాళ్లంతా గప్‌చుప్. ఇంకో రెండేళ్లకి ఆ మ్యాచ్ అట్లాంటాకి వెళ్లిపోయింది, ఆ బాధ ఈ ఊరికి ఇంకా ఉంది.

అలబామాకి ఎస్‌ఈసీ టైటిళ్లు 30. దాని గురించి ఇక్కడెవరూ వాదించరు, టైమ్ వేస్ట్. నాకు తమాషాగా అనిపించేది పట్టికలో కింద ఉన్నవాళ్లు. టులేన్‌కి మూడు ఎస్‌ఈసీ టైటిళ్లున్నాయి, 1966లో బయటికెళ్లిపోయారు. మిసిసిపీ స్టేట్‌కి ఒక్కటే, 1941లో. సెవానీ అనే చిన్న కాలేజీ వ్యవస్థాపక సభ్యురాలు, ఒక్క ఎస్‌ఈసీ మ్యాచ్ కూడా గెలవకుండానే 1940లో తప్పుకుంది. ఇప్పుడు ఎస్‌ఈసీలోనే ఉన్న మీ ఏ అండ్ ఎం పట్టికలో ఎక్కడుందో మీరే చూసుకోండి, పాతకాపుగారూ.

కాలేజ్‌స్టేషన్_పాతకాపు:
డాక్టర్‌గారూ, మందు ఇమ్మంటే కారం చల్లారు.

ఒమాహా_మామ:
నేను నెబ్రాస్కా. ఓదార్పు కావాలంటే నన్ను చూడు తమ్ముడూ.

మాకు కాన్ఫరెన్స్ టైటిళ్లు 46. చివరిది 1999, శాన్ ఆంటోనియోలో టెక్సస్ మీద 22-6. 2011లో బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వచ్చాం. 2012లో టైటిల్ మ్యాచ్ దాకా వెళ్లి విస్కాన్సిన్‌కి 70 పాయింట్లు ఇచ్చుకుని వచ్చాం. అయినా లింకన్‌లో స్టేడియం 1962 నుంచి ప్రతి మ్యాచ్‌కీ నిండుతూనే ఉంది. ఆఫీసులో సోమవారం పొద్దున మా మేనేజర్ మొహం చూస్తే స్కోరు తెలిసిపోతుంది.

మా నాన్న హైదరాబాద్ రంజీ జట్టు గురించి ఇలాగే మాట్లాడేవారు. 1937-38లో ఒకటి, 1986-87లో ఒకటి. ముంబయి వాళ్లు 42 దాకా పోయారు. అయినా ఆయన దృష్టిలో జట్టంటే హైదరాబాదే, అజహర్ మణికట్టు ముందు మీ 42 ఎంత అనేవారు. పెద్ద ప్రోగ్రామా కాదా అన్నది ఓడుతున్న రోజుల్లో ఎంతమంది వస్తారో చూసి చెప్పాలి. జాతీయ టైటిళ్లు లెక్కపెట్టడం మొదలెడితే యేల్, ప్రిన్స్‌టన్ ముందు మనమందరం పిల్లకాకులం.

ఆన్ఆర్బర్_ఆవకాయ:
మామగారి మాట బాగుంది గానీ ఒప్పుకోను. జనం రావడమే లెక్కయితే మా మిషిగన్ స్టేడియంలో 1,07,601 సీట్లున్నాయి, ఇంక చర్చ అక్కర్లేదు.

పంచుకున్న టైటిల్ గురించి అడిగారు కదా. మిషిగన్‌కి బిగ్ టెన్ టైటిళ్లు 45, వాటిలో పంచుకున్నవి బోలెడు. 1973 చూడండి. మేం, ఒహాయో స్టేట్ ఇద్దరం ఓటమి లేకుండా వచ్చి 10-10తో టై చేసుకున్నాం. టైటిల్ చెరిసగం. కానీ రోజ్ బౌల్‌కి ఒక్కరే వెళ్లాలి. ఎవరు వెళ్లాలో కాన్ఫరెన్స్ అథ్లెటిక్ డైరెక్టర్లు ఓట్లేసి ఒహాయో స్టేట్‌ని పంపారు. మీ 1994లో టైటిల్ పోయింది, మా 1973లో టైటిల్ చేతిలో ఉండీ బస్సు దొరకలేదు. ఏది ఎక్కువ బాధో మీరే చెప్పండి.

ఇంకోటి, అసలు కాన్ఫరెన్స్ టైటిల్‌కి ఇప్పుడు విలువెంత? 2024లో మేం ఒహాయో స్టేట్‌ని వాళ్ల ఊళ్లోనే 13-10తో గెలిచాం. వాళ్లు బిగ్ టెన్ ఫైనల్‌కే రాలేదు. ఫైనల్‌లో ఒరెగాన్ పెన్ స్టేట్‌ని గెలిచింది, కాన్ఫరెన్స్‌లోకి వచ్చిన మొదటి ఏడాదే. తర్వాత జాతీయ చాంపియన్‌ని తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌లో అదే ఒరెగాన్‌ని ఒహాయో స్టేట్ 41-21తో పంపించేసింది, నోటర్ డామ్‌ని గెలిచి జాతీయ చాంపియన్ అయింది. ఇప్పుడు ఒరెగాన్ బ్యానర్ పెద్దదా, ఒహాయో స్టేట్ కప్పు పెద్దదా? నాకు మాత్రం ఆ 13-10 చాలు.

ఫోర్ట్‌వర్త్_పప్పుచారు:
2014 ఎవరూ ఎత్తలేదేం? "ఒకే ఒక్క నిజమైన చాంపియన్" అని బిగ్ 12 ఊరంతా ప్రచారం చేసుకుంది. చివరికి బేలర్, మా టీసీయూ ఇద్దరూ 8-1. వాళ్లు మమ్మల్ని 61-58తో గెలిచారు కాబట్టి వాళ్లే అనచ్చు. కానీ కాన్ఫరెన్స్ వాళ్లు ఇద్దరికీ కప్పులిచ్చారు. అప్పట్లో టైటిల్ మ్యాచ్ లేదు, 10 జట్లే మిగిలాయని 2010 తర్వాత ఆపేశారు. చివరి వారం మేం 55-3తో గెలిచి మూడో ర్యాంకు నుంచి ఆరుకి దిగాం, అప్పటి ప్లేఆఫ్‌లో నాలుగు జట్లకే చోటు! ఒహాయో స్టేట్ ఫైనల్లో విస్కాన్సిన్‌ని 59-0తో కొట్టి ప్లేఆఫ్‌కి పోయింది. 2017లో టైటిల్ మ్యాచ్ మళ్లీ పెట్టారు. పంచుకున్న టైటిల్ ఇంటికి తెచ్చుకుంటే ఏమొస్తుందో మాకు తెలుసు.

ఎడిసన్_పిన్ని:
మా అబ్బాయి రట్గర్స్. బిగ్ టెన్‌లో 2014 నుంచి ఉన్నాం, అక్కడ టైటిళ్లు గట్రా మాకు లేవు నాయనా, ఖాళీ చేతులే. కానీ మొట్టమొదటి కాలేజ్ మ్యాచ్ 1869 నవంబర్ 6న న్యూ బ్రన్స్‌విక్‌లో, ప్రిన్స్‌టన్ మీద మనదే గెలుపు, 6-4. జట్టుకి 25 మంది, బంతిని తన్నడమే ఎక్కువట. ఎవరైనా ప్రతిష్ఠ అంటే మావాడు ఆ తేదీ చెప్పి ఊరుకుంటాడు. ఆ మధ్య నోటర్ డామ్ కుర్రాడొకడు వాదనకొస్తే, మీకు కాన్ఫరెన్స్ టైటిళ్లెన్ని అన్నాడట మావాడు. ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేరుగా, సున్నా. 2020లో కరోనా ఏడు ఒక్కసారి ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో ఆడారు, ఫైనల్‌లో క్లెమ్సన్ 34-10తో గెలిచేసింది.

ఆస్టిన్_గోంగూర:
పిన్నిగారు అందర్నీ కొట్టేశారు.

పాతకాపుగారూ, చివరి మాట. మీరు 2012లో ఎస్‌ఈసీకి వెళ్లారు. ఇప్పటిదాకా టైటిల్ మ్యాచ్ ఆడలేదు. మేం 2024లో వచ్చి మొదటి ఏడాదే ఆడాం. దారిలో మీ ఊళ్లో మిమ్మల్ని 17-7తో గెలిచి మరీ.

కాలేజ్‌స్టేషన్_పాతకాపు:
ఆడి జార్జియా చేతిలో ఓవర్‌టైమ్‌లో 22-19తో ఓడారు. ఆ ముక్క మింగేశారేం? 17-7 రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను, గుర్తుచేయక్కర్లేదు. పదమూడేళ్ల తర్వాత జరిగిన మ్యాచ్, నాలుగు గంటలు నిలబడే చూశాను. మా దగ్గర కూర్చోవడం అలవాటు లేదు.

నిన్న బావతో ఫోన్‌లో రాజీ కుదిరింది. ఈ చర్చంతా చదివి వినిపించాను. 1994 వాటా తన లెక్కలోంచి తీసేస్తాడట, ఇకమీదట 26 అనే చెబుతాడట. బదులుగా, 1998 తర్వాత మీరేం గెలిచారని అడిగినప్పుడు నేను టాపిక్ మార్చకూడదట. ఒప్పుకున్నాను.

లబ్బాక్_దుమ్ము:
ఒక్క నిమిషం. 1994 తీసేస్తే మా వాటా కూడా పోతుంది. మీరూ మీరూ బావా బావమరుదులు, మమ్మల్ని అడిగారా?