‘బకెరు’ అంటే మారడమేనా? జపాను నక్క కథల్లో ఒక క్రియాపదం

ప్రశ్న

అందరికీ నమస్కారం. పిల్లల కోసం జపాను జానపద కథలు కొన్ని తెలుగు చేస్తున్నాను. మనుషుల మధ్య మనుషుల్లాగే కాపురాలు చేస్తూ, సంతలో బేరాలాడుతూ, ఎవరికీ పట్టుబడకుండా బతికే నక్కలు, పిల్లులు, తనుకిలు (కుక్క జాతికి చెందిన ఒక అడవి జంతువు) వీటి నిండా ఉంటాయి. ప్రతి కథలోనూ ఒకే క్రియ దగ్గర ఆగిపోతున్నాను: బకెరు. నిఘంటువులో ‘రూపం మారు’ అని ఉంది. ‘నక్క ఆడమనిషిగా మారింది’ అని రాసి మా అమ్మాయికి చదివి వినిపిస్తే, ‘మరి నక్క ఏమైపోయింది?’ అని అడిగింది. నా వాక్యంలో దానికి జవాబు లేదు.

దీనికి జంటగా బకసు అనే క్రియ కూడా ఉంది. నక్క తనకు తాను చేసుకునేది బకెరు, ఎదుటి మనిషిని చేసేది బకసు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయని వింటేనే తెలుస్తుంది. తెలుగులో అలాంటి జంట దొరుకుతుందా?

మొదటి జవాబు

కామరూపి అనే మాట ఉండగా వెతుకులాట ఎందుకమ్మా? రామాయణంలో వానరులూ కామరూపులే, రాక్షసులూ కామరూపులే. హనుమంతుడు మొదటిసారి రాముడి ముందుకు వచ్చింది భిక్షువు రూపంలో. మారీచుడు బంగారు లేడి అయ్యాడు, బాణం తగిలి ప్రాణం పోయేటప్పుడు మళ్ళీ రాక్షసుడయ్యాడు. నక్కను ‘కామరూపి’ అనండి, సరిపోతుంది.

రెండో జవాబు

కామరూపి గొప్ప మాటే. పెద్దల పుస్తకమైతే నేనూ అదే వాడేవాణ్ణి. కానీ అది ఆ జీవికి ఉన్న శక్తిని చెబుతుంది, ఆ క్షణంలో జరిగిన పనిని చెప్పదు. పైగా కామం అనే మాటకు ‘కోరిక’ అన్న విశాలమైన అర్థం ఇప్పటి పిల్లలకు చేరదు. ఈమె అడిగింది క్రియాపదం.

చిక్కుముడి ఎక్కడుందో వాళ్ళ అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. తెలుగులో ఒకటి ఇంకొకటిగా మారితే పాతది ఇక లేనట్టే. పాలు పెరుగుగా మారాక ఆ గిన్నెలో పాల కోసం వెతకం. బకెరు అలాంటి మార్పు కాదు. ఆడమనిషి రూపంలో అన్నం వండుతున్నప్పుడు కూడా నక్క నక్కగానే ఉంటుంది. పైరూపం మాత్రమే వేరు. అందుకే జపాను భాషలో గుట్టు బయటపడడాన్ని ‘తోక బయటపెట్టడం’ అంటారు, ‘బకె తోలు ఊడడం’ అని కూడా అంటారు. తోక ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్ళూ దాగి ఉందంతే. మన పంచతంత్రంలో నీలి తొట్టిలో పడిన నక్కను పట్టిచ్చింది దాని ఊళ. అక్కడ తోక, ఇక్కడ గొంతు.

బకసు విషయంలో ‘మార్చు’ ఇంకా తప్పు. నక్క మనిషిని దేనిగానూ మార్చదు. రాత్రి దారిలో పోయేవాడు వేడినీళ్ళ తొట్టిలో హాయిగా స్నానం చేస్తున్నానని అనుకుంటాడు, తెల్లవారేసరికి పేడగుంటలో ఉంటాడు. చేతికి వచ్చిన డబ్బు పొద్దున చూస్తే ఎండుటాకులు. మనిషి అలాగే ఉన్నాడు, మారింది అతని కంటిచూపు. కాబట్టి మారు, మార్చు అనే జంట చేతికందుతున్నట్టు కనబడుతుంది గానీ రెండు చోట్లా తప్పే.

నేను సూచించే జంట ఇది: బకెరుకు ‘వేషం కట్టు’, బకసుకు ‘కనికట్టు’. కను, కట్టు కలిసిందే కనికట్టు. నక్క తనకు వేషం కట్టుకుంటుంది, ఎదుటివాడి కళ్ళు కడుతుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకటే ‘కట్టు’. కట్టినది ఏదైనా ఊడుతుంది కాబట్టి ఊడే తోలుకు కూడా అందులో చోటుంది.

మూడో జవాబు

నేను ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు కూర్చే పనిలో ఉన్నాను. నాకు తెలిసిన ఒకే ఒక్క జపాను మాట మొజిబకె. మొజి అంటే అక్షరం. ఒక సంకేత పద్ధతిలో దాచిన పాఠాన్ని కంప్యూటర్ ఇంకో పద్ధతిలో చదివినప్పుడు తెర మీద పిచ్చి గీతలు వస్తాయి కదా, దానికి వాళ్ళు పెట్టిన పేరు అది. అందులోని ‘బకె’ మీరు చెబుతున్న నక్క బకెరు అని ఈరోజే తెలిసింది. ఒళ్ళు జలదరించింది.

పాత డీటీపీ ఖతుల్లో (ఫాంట్లలో) కూర్చిన తెలుగు పుస్తకాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో తెరిస్తే ఎలా ఉంటుందో ఈ పని చేసిన వాళ్ళందరికీ తెలుసు. రోమను అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కనబడతాయి. మొదట్లో పుస్తకం పోయిందని గుండె ఆగినంత పనయ్యేది. కానీ ఏమీ పోదు. సరైన ఖతి పెట్టగానే పద్యానికి పద్యం తిరిగి వస్తుంది. లోపల ఉన్నది ఉన్నట్టే ఉండి, పైకి మాత్రం వేరుగా కనబడడం. రెండో జవాబులో చెప్పింది ఇదే. ఇకనుంచి మా పనిలో ‘అక్షరాలు చెడిపోయాయి’ అనను, ‘అక్షరాలు వేషం కట్టాయి’ అంటాను.

నాలుగో జవాబు

వేషం అనగానే నాకు మోసం వినిపిస్తోంది. ‘వేషాలు వేయకు’ అని అమ్మలు మందలించేది అందుకే కదా. జపాను కథల్లో నక్కలన్నీ మోసగత్తెలు కావు. కుజునొహ సంగతి చూడండి. వేటగాళ్ళ బారి నుంచి తనను కాపాడి గాయపడిన యసున అనే యువకుడి దగ్గరికి, అతను ప్రేమించిన కుజునొహ అనే అమ్మాయి రూపంలో ఒక తెల్లనక్క వస్తుంది. సేవ చేస్తుంది, కాపురం చేస్తుంది, కొడుకును కంటుంది. ఆ కొడుకే 10వ శతాబ్దపు ప్రసిద్ధ జ్యోతిష్కుడు అబె నొ సెయిమెయి అని ఐతిహ్యం. అసలు కుజునొహ తల్లిదండ్రులతో గుమ్మంలోకి వచ్చిన రోజున నక్క ఇల్లు విడిచి వెళ్ళాలి. ఇంత ప్రేమను వేషం అంటే అన్యాయం చేసినట్టు కాదా?

రెండో జవాబు రాసినవారు

మీ బాధ అర్థమైంది, దాన్ని కొట్టిపారేయను. అందుకే ‘వేషం వేయు’ అనకుండా ‘వేషం కట్టు’ అన్నాను. వేషాలు వేసేవాణ్ణి మందలిస్తాం. వేషం కట్టేవాణ్ణి చూడడానికి చాప పట్టుకుని వెళ్ళి ముందు వరుసలో కూర్చుంటాం. కూచిపూడిలో సత్యభామ వేషం కట్టిన పురుషుణ్ణి ఎవరూ మోసగాడనలేదు. పగటివేషగాళ్ళు ఇంటి ముందుకు వస్తే బియ్యం పెట్టి పంపాం.

మీరు చెప్పిన కథే 1734లో ఒసాకాలో బొమ్మలాటగా వచ్చి, తర్వాత కబుకి అనే సంప్రదాయ నాటకంలోకి వెళ్ళింది. అక్కడ అసలు కుజునొహను, నక్క కుజునొహను సాధారణంగా ఒకే నటుడు ఆడతాడు, ఆ నటుడు పురుషుడు. ఆడవేషం కట్టిన మగవాడు, ఆడవేషం కట్టిన నక్కగా నటిస్తాడు. జపానులో ఇప్పటికీ ఒక నటుడు ఉన్నట్టుండి విజృంభించి ఆడితే ‘బకెత’ అని మెచ్చుకుంటారు. బకెరు రాసే చిత్రాక్షరమే ముఖాలంకరణకు వాడే మాటలోనూ, రసాయన శాస్త్రం పేరులోనూ ఉంది. జపాను భాషలో రసాయన శాస్త్రానికీ మామూలు ‘శాస్త్రం’ అనే మాటకూ ఉచ్చారణ ఒకటే కావడంతో, తేడా తెలియడానికి రసాయన శాస్త్రాన్ని ‘బకె-గకు’ అని చెప్పుకుంటారు. ఇంత విశాలమైన మాటను మోసం అనే ఒక్క అర్థంలో బిగించకూడదన్న మీ మాట నిజం.

ఐదో జవాబు

క్రియ సంగతి తేలింది కాబట్టి తనుకి సంగతి. దాన్ని దయచేసి కుక్క అనో, పునుగుపిల్లి అనో తెలుగు చేయవద్దు. కుక్క జాతిదే అయినా మన దగ్గర లేని జంతువు. నక్కకు ఏడు వేషాలు, తనుకికి ఎనిమిది అని అక్కడ సామెత. సొంత దేశంలోనే దాని పేరు నిలకడగా ఉండదు. తొచిగి ప్రాంతంలో ఒక వేటగాడు నిషేధ కాలంలో తనుకిలను చంపాడని కేసు పెట్టారు. తాను చంపింది ముజిన అనే వేరే జంతువని, తనుకి కాదని అతను నిజంగానే నమ్మాడు. వాళ్ళ ఊళ్ళో దాన్ని ముజిన అనే పిలిచేవారు. 1925 జూన్ 9న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం అతన్ని నిర్దోషి అంది. ఊరి మాటను నమ్మినవాడిది నేరం కాదని తేల్చిన ఆ తీర్పంటే నాకు ఎంతో గౌరవం.

ఇంకొకటి. ఎండలో వాన కురిస్తే మన పిల్లలు ‘ఎండావానా, కుక్కకూ నక్కకూ పెళ్ళి’ అంటారు. జపానులో దాన్ని ‘కిత్సునె నొ యొమెయిరి’ అంటారు. కిత్సునె నక్క, యొమె కోడలు, ఇరి లోపలికి రావడం. అంటే పెళ్ళి మాత్రమే కాదు, నక్కపిల్ల కొత్తకోడలిగా అత్తవారింట అడుగుపెట్టడం. మీ పుస్తకంలో ఎక్కడైనా వస్తే ఆ అడుగును వదలకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ‘నక్క ఆడవేషం కట్టింది’ అనే రాస్తున్నాను. కుజునొహ కథ నా పుస్తకంలో ఉంది. ఇల్లు విడిచేటప్పుడు ఆమె కాగితపు తలుపు మీద రాసిన పద్యం ఇది:

కొయిషికుబ తజునె కితె మియొ ఇజుమి నరు
షినొద నొ మొరి నొ ఉరమి కుజునొహ

కబుకి నటుడు బిడ్డను ఎత్తుకుని, ఎడమచేత్తో, అద్దంలో కనిపించే అక్షరాల్లా తిరగేసి, చివరికి కుంచెను నోట కరచుకుని దీన్ని రాస్తాడు. మనిషి చేయి నక్కకు అప్పటికే పట్టు తప్పుతోంది. కుజునొహ అంటే కుజు తీగ ఆకు అని అర్థం. ఉరమి దగ్గర శ్లేష ఉంది: ‘ఉరమి’ వగపు, ‘ఉర-మి’ వెనుక వైపు కనబడడం. గాలికి తిరగబడిన కుజు ఆకు అడుగు తెల్లగా కనిపిస్తుంది. రెండు వారాలు తల పట్టుకున్నాక ‘వెలవెలబోవడం’ తట్టింది. తెలుపూ ఉంది, దుఃఖమూ ఉంది. ‘కొయిషి’కి ప్రేమ అని రాయకుండా బెంగ అన్నాను, ఎందుకంటే ఆమె వదిలి వెళుతున్నది భర్తను ఒక్కణ్ణే కాదు.

బెంగపడితే వెతుక్కుంటూ రా
ఇజుమిలోని షినొద అడవికి
వెన్ను తిప్పి వెలవెలబోయే
కుజు ఆకును నేను

రెండో జవాబు రాసినవారు

బెంగ దగ్గర కళ్ళు చెమర్చాయి తల్లీ. ఒక్క మాట. ‘వెన్ను తిప్పి’ తీసేయండి. ఆకు తిరగబడిందని వెలవెలలోనే వినబడుతోంది, పైగా వెన్ను తిప్పడం అంటే ఆమె అలిగి వెళ్ళినట్టుంది. ‘గాలి వీస్తే వెలవెలబోయే’ అనండి. గాలి వీచిన ప్రతిసారీ ఆమె కనబడుతుంది.