సమస్యాపూరణం: "సూది గుచ్చినంత సుఖము కలిగె"

నిర్వాహకుడు: ఈసారి ఇచ్చింది ఆటవెలది చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. వస్తువు పిన్నీసు. ఇంజెక్షన్ మీద రాస్తే తీసుకోను, అది మరీ సులువు.

కందగడ్డ:
గుండి యూడిపోయె గుంపులో నిలువగ
సిగ్గుతోడ చేయి చేర్చి పట్టి
పిన్ను తీసి నాకు పెట్టెను మిత్రుండు
సూది గుచ్చినంత సుఖము కలిగె

యతిభంగం: గణాలు, యతి కుదిరాయి. చిక్కంతా "పట్టి" దగ్గరే. క్త్వార్థకానికీ ("పట్టి", "తీసి" లాంటి అసమాపక క్రియకు) తరవాతి క్రియకూ కర్త ఒకరే ఉండాలి. ఇలా చదివితే చెయ్యి అడ్డం పెట్టుకున్నది కూడా మిత్రుడే! "చేర్చినాను" అనండి, యతి చెడదు.

కందగడ్డ: మార్చేశానండీ.

సూర్యగణం:
కాలిలోన ముల్లు కదలక కూర్చుండ
గోళ్ళతోడ లాగ కొంత విరిగె
నిప్పు సెగను కాచి నెమ్మదిగా తీయ
సూది గుచ్చినంత సుఖము కలిగె

నిర్వాహకుడు: "కొంత విరిగె" పడ్డవాళ్ళకే తోచే మాట. కానీ పిన్నీసు ఏదీ? బట్టలు కుట్టే సూదికీ ఈ పద్యం సరిపోతుంది. పైగా ముల్లు తీసేశాక మళ్ళీ గుచ్చడమెందుకు? మూడో పాదం "పిన్ను కొనను కాచి పెల్లగింపగ దాని" అంటే రెండూ తీరతాయి.

తేటనీరు: 1849లో పిన్నీసుకు పేటెంటు పొందిన వాల్టర్ హంట్ మీద రాశాను. 15 డాలర్ల బాకీ తీర్చడానికి తీగ మెలిపెడుతూ దీన్ని కనిపెట్టాడంటారు.
అప్పు తీర్చలేక యల్లాడు హంటుకు
తీగ మెలికలోన తెరువు దొరికె
మొనకు తొడుగు వేసి మూసిన పిన్నీసు
సూది గుచ్చినంత సుఖము కలిగె

యతిభంగం: రెండో పాదానికి వీరతాడు! పిన్నీసు ప్రాణం ఆ చుట్టలోనే ఉంది. అది స్ప్రింగులా మొనను పైకి తన్నబట్టే తొడుగులో బిగుసుకుంటుంది. కానీ మూసిన పిన్నీసు గుచ్చదు కదండీ! "మొనకు తొడుగు కూడ మొలిచిన పిన్నీసు" అంటే ఇబ్బంది లేదు. ఇంతకీ సుఖం ఎవరికి? హంట్ హక్కులన్నీ 400 డాలర్లకు అమ్ముకున్నాడు పాపం.

తేటనీరు: బాకీ తీరింది చాలదా?

కందగడ్డ: నేను మొదట పైజమాకు బొందు ఎక్కించడం మీద రాయబోయాను. అక్కడా ఇదే తంటా. పిన్నీసు మూసే ఉండాలి, పట్టీ లోపల దాని తలను వేళ్ళతో తడుముతూ, గుడ్డ కుచ్చి కుచ్చి వెనక్కి లాగాలి. మధ్యలో తెరుచుకుందో, అక్కడే ఇరుక్కుంటుంది. గుచ్చేదెక్కడ?

నిర్వాహకుడు: ముందు బొందు కొసకు గుచ్చాలిగా? అక్కణ్ణుంచి ఎత్తుకోండి. రేపు సాయంత్రం దాకా గడువుంది.