డేటా సైన్స్ చదువుతూ ఆఫ్రికన్ డయాస్పోరా కోర్సు తీసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఫిలడెల్ఫియా వచ్చాను, డేటా సైన్స్ మాస్టర్స్. ఒక ఎలక్టివ్ వేరే డిపార్ట్‌మెంట్‌లో తీసుకోవచ్చట. ఆఫ్రికన్ డయాస్పోరా మీద, అంటే ఆఫ్రికా నుంచి ప్రపంచం నలుమూలలకీ చేరినవాళ్ళ గురించి, ఒక కోర్సు ఉంది. రూమ్మేట్లేమో "దానితో ఉద్యోగం వస్తుందా?" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. పెద్దలు చెప్పండి.

తమ్ముడూ, తీసుకో. నువ్వున్న ఊళ్ళోనే 1896లో నల్లజాతి సామాజికవేత్త డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్ నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే సెవెంత్ వార్డ్‌లో ఇంటింటికీ తిరిగి, ఎవరెంత సంపాదిస్తున్నారు, అద్దె ఎంత, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడిగి రాసుకున్నాడు. స్ప్రూస్, సౌత్ వీధుల మధ్య ఇప్పటికీ నడిచి చూడొచ్చు. 1900 పారిస్ ప్రదర్శన కోసం ఆయనా, అట్లాంటా విద్యార్థులూ చేత్తో రంగులేసి గీసిన చార్టులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉన్నాయి. ఒకదానిలో పల్లెల్లో ఉండే నల్లవాళ్ళ సంఖ్య చూపే ఎర్రగీత కాగితం మీద పట్టక చుట్టలు చుట్టుకుపోయింది. నీ సబ్జెక్టు అదే కదా!

ఇంకోమాట. నేను వచ్చిన కొత్తలో మనవాళ్ళు చెప్పిన మొదటి జాగ్రత్త, "ఆ వీధుల్లోకి పోకు, నల్లవాళ్ళుంటారు" అని. నేనూ చాలా ఏళ్ళు అలాగే భయపడ్డాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. 1946 తర్వాత కూడా మన దేశం నుంచి అమెరికా వచ్చి స్థిరపడడానికి ఏడాదికి వందమంది కోటాయే. పౌరహక్కుల పోరాటం నడుస్తున్న రోజుల్లోనే, 1965లో, ఆ కోటా పద్ధతి పోయింది. లాఠీదెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి ఆ గాలి మార్చింది ఆ నల్లవాళ్ళే. మన వీసాల వెనక వాళ్ళ కష్టం ఉంది. అసలు నల్లవాళ్ళ చరిత్ర, జీవితాల మీద ఈ చదువుకి డిపార్ట్‌మెంట్ కూడా ఊరికే రాలేదు. 1968 నవంబర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో విద్యార్థులు దాదాపు ఐదు నెలలు సమ్మె చేసి సాధించుకున్నారు.

అక్కగా నాదీ ఒక మాట. నేను హైదరాబాదు అమ్మాయిని. ఏసీ గార్డ్స్ మీదుగా ఎన్నిసార్లు ఆటోలో వెళ్ళానో! ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులో ఉన్న, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అశ్వదళం అని ఇక్కడికొచ్చి ఇలాంటి క్లాసులోనే తెలుసుకున్నాను. డయాస్పోరా అంటే అట్లాంటిక్ ఒక్కటే కాదు, మన వీధి కూడా. మొదటి రెండు వారాలు మాత్రం "మా కులం కూడా ఇంతే" అని పోలికలకు దిగకు. పక్కనున్నవాళ్ళు చెప్పేది పూర్తిగా విను, తర్వాత మాట్లాడు.

అన్నా, అక్కా, థాంక్స్. ఇప్పుడే రిజిస్టర్ అయ్యాను. ఆ ఎర్రగీత చార్టు మా రూమ్మేట్లకి చూపించాను, ఒకడు వచ్చే శనివారం సౌత్ స్ట్రీట్‌కి నాతో వస్తానన్నాడు.