చెన్నై దగ్గర ఉప్పుటేటి ఒడ్డున ఒక రాత్రి: ముట్టుకాడా, పులికాటా?

వేలచ్చేరి నివాసి అడుగుతున్నారు:
జనవరిలో మేమిద్దరం, మా అబ్బాయి కలిసి జనసందడి లేని ఉప్పుటేటి ఒడ్డున ఒక రాత్రి డేరా వేసుకుని, మర్నాడు కయాక్‌లో నెమ్మదిగా తిరిగి రావాలనుకుంటున్నాం. ముట్టుకాడు మాకు దగ్గరే గానీ, సెలవు రోజుల్లో అక్కడి పడవల రేవు తిరునాళ్లను తలపిస్తుంది. పులికాట్ ప్రశాంతంగా ఉంటుందని విన్నాం. ముగ్గురికీ ఈత వచ్చు. తెడ్డు పట్టడం మాత్రం కొత్త. ఎటు వెళ్లడం మేలు?

తిరువాన్మియూరు నుంచి:
కొత్తవారికి ముట్టుకాడే తగినదని నా అభిప్రాయం. తమిళనాడు పర్యాటక సంస్థ 1984లో ప్రారంభించిన ఆ రేవు చుట్టూనే సందడి ఉంటుంది. తెల్లవారగానే బయలుదేరి బకింగ్‌హాం కాలువ వైపు సాగితే నీటికాకులు, కొంగలు తప్ప పెద్దగా ఎవరూ ఎదురుకారు. అయితే చోటుకన్నా ముందు వేళ తేల్చుకోండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుంటుంది కనుక ఎదురుగాలిలో వెళ్లి, గాలి వాలున తిరిగి రావడం అలవాటు చేసుకోవాలి. వానల తర్వాత ఏటి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) తెరుచుకుని ఉంటే, ఆటు సమయంలో నీరు సముద్రం వైపు బలంగా లాగుతుంది. అందువల్ల ఈస్ట్ కోస్ట్ రోడ్డు వంతెన దాటి తూర్పుకు పోవద్దు. లైఫ్ జాకెట్ ఈత వచ్చినవారికీ తప్పదు. ఒడ్డున ఖాళీగా కనిపించిన చోటల్లా డేరా వేయకుండా, దగ్గరలోని ఏదైనా తోట ఇంటి ఆవరణలో యజమాని అనుమతితో వేసుకోవడం మంచిది.

సూళ్లూరుపేట వారు, ప్రస్తుతం అంబత్తూరు:
మాకు ప్రళయకావేరిగా తెలిసిన పులికాట్ సరస్సులో అధిక భాగం ఆంధ్రలోనే ఉంది. జనవరిలో ఫ్లెమింగోలు అక్కడ మేస్తుంటాయి గనుక మీకు ఆశ పుట్టడం సహజమే. కానీ సరస్సు చాలాచోట్ల లోతు తక్కువ. ఆటుకు కయాక్ బురదలో కూరుకుపోతే దిగి తోయాలి, ఆల్చిప్పలు కాళ్లు కోస్తాయి. మత్స్యకారులు ‘పాడు’ పద్ధతిలో వంతులవారీగా వలలు వేసుకునే చోట్లకు తెడ్డుతో చొరబడడం వారి జీవనోపాధికి అడ్డుపడడమే. పక్షుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. కాబట్టి పులికాట్‌ను ఈసారికి ఒడ్డునుంచే, బైనాక్యులర్‌తో చూడండి.

వేలచ్చేరి నివాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముట్టుకాడే ఖాయం చేసుకుంటున్నాం. ఆటుపోట్లను బట్టి తేదీ ఎలా ఎంచుకోవాలి?

తిరువాన్మియూరు నుంచి:
అమావాస్య, పౌర్ణములకు పోటు ఎక్కువ, అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు తక్కువ. కాబట్టి పంచాంగం చూసి నవమి ప్రాంతంలో పడే శనివారం పెట్టుకోండి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది గనుక, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం) ప్రకటించే చెన్నై అంచనాల్లో ఆ రోజు వేళను చూసుకుని బయలుదేరండి. ఏటి నీరు ఉప్పన, వంటకూ పనికిరాదు. మనిషికి కనీసం 5 లీటర్ల మంచినీళ్లు, దోమతెర తీసుకెళ్లండి.