జుర్మానా కట్టకపోతే ఇంకో ఆరు నెలలు జైలేనా?

నర్సంపేట పత్తిరైతు:
మా చిన్నాయన కొడుక్కి కొట్లాట కేసులో పాత ఐపీసీ 324 సెక్షన్ కింద రెండేళ్ల జైలు, 20,000 జుర్మానా పడ్డాయి. కట్టకపోతే మరో ఆరు నెలలు ఉండాలని తీర్పులో ఉంది. వచ్చే నెలతో రెండేళ్లు అయిపోతాయి. వరంగల్ జైలును 2021లో కూల్చేశారు కదా, ములాఖత్‌కు చర్లపల్లి దాకా పోయి రావడానికే పైసలన్నీ అయిపోతున్నాయి. పత్తి ఇంకా ఇంటికి రాలేదు, చేతిలో 10,000 ఉన్నాయి. సగం కడితే లాభం లేదంటున్నారు. చిన్నమ్మ నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తానంటోంది. టెన్షన్‌గా ఉంది.

హన్మకొండ రాజు:
ఆరు నెలలు ఉండొచ్చినా జుర్మానా కట్టాల్సిందే, లేకపోతే భూమి జప్తు చేస్తారని విన్నా.

పరకాల పీఎల్‌వీ:
తమ్మీ, నేను పారా లీగల్ వాలంటీర్‌ను. ముందు చిన్నమ్మను ఆ అప్పు తేకుండా ఆపు. సగం కడితే లాభం లేదన్నది తప్పు. ఐపీసీ 69 ప్రకారం ఎంత కడితే ఆ లెక్కన జైలు తగ్గుతుంది. 10,000 కడితే ఆరు నెలలు మూడు నెలలవుతాయి. ఆ మూడు నెలల్లో ఎప్పుడు మిగతాది కట్టినా వదిలేయాలి. రసీదు మాత్రం భద్రంగా పెట్టుకో.

అసలు నీ 10,000 కూడా ఇప్పుడే తీయకు. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో పథకం తెచ్చింది. కట్టలేనివాళ్ల జుర్మానా 25,000 దాకా ప్రభుత్వమే ఇస్తుంది. మత్తుమందులు, అవినీతి, ఉపా (ఉగ్రవాద కేసులకు పెట్టే చట్టం) లాంటి కేసులకు లేదు, మీది ఆ కోవలోకి రాదు. కలెక్టర్ ఉండే జిల్లా కమిటీ మంజూరు చేయాలి. ములాఖత్‌కు పోయినప్పుడు తమ్ముడితోనే సూపరింటెండెంట్‌కు దరఖాస్తు పెట్టించు. శిక్ష అయ్యేదాకా ఆగకు.

రాజు గారూ, ఆ జైలు మొత్తం అనుభవించాక, కోర్టు ప్రత్యేక కారణాలు రాస్తేనో, ఆ జుర్మానాలోంచి ఖర్చులో, పరిహారమో ఇవ్వమని ఆర్డర్ ఉంటేనో తప్ప వసూలుకు వారంటు ఇవ్వకూడదు. ఈ అదనపు జైలు నేరానికి పడ్డ శిక్ష కాదు, జుర్మానా కట్టనందుకు పడేదని 2007లో శాంతిలాల్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. పైసలున్నోడు శిక్ష అయిన రోజే ఇంటికి పోతాడు, లేనోడు ఇంకో ఆరు నెలలు లోపలే. ఈ పథకం సంగతి లోపల ఉన్నోళ్లకు చెప్పేవాళ్లే లేరని నాకు కడుపు మండుతుంది.

నర్సంపేట పత్తిరైతు:
అక్కా, ఏం కాగితాలు పట్టుకపోవాలి?

పరకాల పీఎల్‌వీ:
తీర్పు కాపీ, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్స్‌లు. తీర్పు చివరి పేజీలో జుర్మానా సంగతి ఉన్న లైను కింద గీత గీసి ఇవ్వు. వరంగల్ కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకూ ఒక అర్జీ ఇవ్వు, అక్కడ ఫీజు ఉండదు. పోయే ముందు న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయి.